రైఫిల్ బుల్లెట్ అచ్చును ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడి, వేట కోసమో గురి పోటీల కోసమో రైఫిల్ కొనుక్కున్న తెలుగువారు సీసం కరిగించి సొంతంగా బుల్లెట్లు పోసుకోవాలనుకున్నప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణలన్నీ రెండు పాత అమెరికన్ క్యాలిబర్ల చుట్టూ తిరుగుతాయి: 1895లో వచ్చిన .30-30 వించెస్టర్, 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన .45-70. పోత బుల్లెట్లకు ఇంతగా కుదిరే క్యాలిబర్లు తక్కువ. ఈ పేజీలో బుల్లెట్ అంటే గొట్టంలోంచి దూసుకెళ్లే సీసపు ముక్క. ఇత్తడి గొట్టంలాంటి కేసు, దానిలోని మందు, దెబ్బ తగిలితే ఆ మందును అంటించే ప్రైమర్, ముందున్న బుల్లెట్ అన్నీ కలిసినది తూటా.

నేను హెచ్-1బీ వీసాపై ఉన్నాను. బుల్లెట్లు పోసుకోవచ్చా?

అచ్చు కొనకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాలపై దేశంలోకి వచ్చినవారు తుపాకులు గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. చాలామంది గమనించనిది ఏమిటంటే, ఆ చట్టంలో మందుగుండు అన్న మాటకిచ్చిన నిర్వచనంలో పూర్తి తూటాతో పాటు ఖాళీ కేసు, ప్రైమర్, మందు, విడి బుల్లెట్ కూడా ఉన్నాయి. అంటే మీరు పోసిన సీసపు బుల్లెట్ రైఫిల్ లేకుండా డబ్బాలో పడి ఉన్నా చట్టం దృష్టిలో అది మందుగుండే. వీసా భవిష్యత్తు మొత్తం దీనిమీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి.

గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. సొంత వాడకానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారంగా తయారుచేసి అమ్మాలంటే కావాలి. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, వాటినీ చూసుకోవాలి.

దుకాణంలో బుల్లెట్లు దొరుకుతుండగా పోసుకోవడం ఎందుకు?

డబ్బు ఆదా అవుతుందన్నది అందరూ చెప్పే కారణం. దీర్ఘకాలంలో అది నిజమే. నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం కొలత. దుకాణంలో దొరికే బుల్లెట్ సగటు బ్యారెల్ కోసం తయారైంది. మీరు పోసుకునే బుల్లెట్ మీ బ్యారెల్ కొలతకే తయారవుతుంది. నూరేళ్ల నాటి రైఫిళ్లు పాడైపోయాయని జనం పక్కన పెట్టేస్తుంటారు. సరైన లావున్న పోత బుల్లెట్ పడితే వాటిలో చాలావరకు చక్కగా గురి పెడతాయి.

సరే, ఏ అచ్చు కొనాలి?

దీనికి జవాబు మీ రైఫిల్ గొట్టంలో ఉంది. కేటలాగు తెరవకముందు గొట్టాన్ని కొలవండి.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. మనకు ముఖ్యంగా కావాల్సింది గాడి నుంచి ఎదురు గాడికి ఉన్న వ్యాసం. .30-30లో ఇది కాగితం మీద .308 అంగుళాలు, అంటే 7.82 మిల్లీమీటర్లు. అసలు రైఫిళ్లలో అటూ ఇటూ ఉంటుంది. పాత .45-70లలో తేడా ఇంకా ఎక్కువ, కాగితం మీది .458 కన్నా లావుగా ఉన్న గొట్టాలు తరచుగా కనిపిస్తాయి.

కొలిచే పద్ధతి తేలికే. ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. గొట్టం శుభ్రం చేసి పలుచగా నూనె రాయండి. గాడి వ్యాసం కన్నా కాస్త లావైన మెత్తని సీసపు ముక్కను చెక్క సుత్తితో గొట్టం మూతిలోకి దించి, చెక్క కడ్డీతో మెల్లగా వెనక్కి నెట్టండి. బయటికి వచ్చిన ముక్క మీద గాడుల ముద్ర ఉంటుంది. దాని అతి ఎత్తైన చోటును మైక్రోమీటర్‌తో కొలవండి. వెర్నియర్ క్యాలిపర్ ఈ పనికి చాలదు, ఎందుకంటే మనం వెతుకుతున్న తేడా అంగుళంలో వెయ్యో వంతు. గాడుల సంఖ్య బేసి అయితే నేరుగా కొలవడం కుదరదు. తుపాకుల మెకానిక్ దగ్గర దానికి తగిన పరికరం ఉంటుంది.

పోత బుల్లెట్ ఆ కొలత కన్నా అంగుళంలో వెయ్యింట ఒకటి నుంచి రెండు వంతుల దాకా లావుగా ఉండాలి. .308 గొట్టానికి .309 లేదా .310 అన్నమాట. సన్నగా ఉంటే వేడి వాయువులు బుల్లెట్ పక్కనుంచి దూసుకుపోయి సీసాన్ని కోస్తాయి. ఆ సీసం గొట్టానికి అంటుకుంటుంది, గురి చెదిరిపోతుంది. గొట్టంలో సీసం పేరుకుంటోందంటే కొత్తవారు వెంటనే ఇంకా గట్టి లోహం కోసం పరుగులు తీస్తారు. చాలాసార్లు అసలు లోపం బుల్లెట్ సన్నగా ఉండటమే.

లావుకూ ఒక హద్దు ఉంది. తూటా మెడ, అంటే బుల్లెట్‌ను పట్టుకునే కేసు పైభాగం, ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటులో) బిగుసుకుపోయేంత లావు బుల్లెట్ పెడితే, పేలినప్పుడు మెడ విచ్చుకోవడానికి చోటు లేక పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. తూటా ఏ ఒత్తిడీ లేకుండా ఛాంబర్‌లోకి జారాలి.

అచ్చు మీది అంకెలకు అర్థం ఏమిటి?

ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. లైమన్ కంపెనీ 1925లో ఐడియల్ కంపెనీని కొన్నప్పుడు దాని పాత అంకెల పద్ధతి కూడా వెంట వచ్చింది. 311041 అన్న అచ్చునే తీసుకోండి. మొదటి మూడంకెలు బుల్లెట్ లావు, అంటే .311 అంగుళాలు. మిగిలినవి నమూనా సంఖ్య. 457193 అంటే .457 లావున్న 193వ నమూనా.

అచ్చు పెట్టె మీద రాసిన బరువును, లావును అక్షరసత్యంగా తీసుకోవద్దు. ఆ కొలతలు కంపెనీ ఎంచుకున్న మిశ్రలోహంతో పోసినప్పటివి. స్వచ్ఛమైన సీసం చల్లారేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి బుల్లెట్ కాస్త సన్నగా, అయినా కాస్త బరువుగా వస్తుంది. సీసాన్ని గట్టిపరచడానికి కలిపే ఆంటిమొనీ పెరిగేకొద్దీ బుల్లెట్ లావవుతుంది, తేలికవుతుంది. అందుకే కావాల్సిన దానికన్నా కొంచెం లావు బుల్లెట్ పోసే అచ్చు కొనడం తెలివైన పని. లావును సైజింగ్ డైలోంచి, అంటే సరైన కొలతకు చేసిన రంధ్రంలోంచి, నెట్టి తగ్గించుకోవచ్చు. సన్నటిదాన్ని పెంచడం కష్టం.

ముక్కు ఆకారం ముఖ్యమా?

కింది పిడిని ఆడించి తూటా ఎక్కించే .30-30 లీవర్ రైఫిల్ ఉన్నవారికి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. వించెస్టర్ 94, మార్లిన్ 336 లాంటి రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద ఉన్న మరో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌ను ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు అది ప్రైమర్‌ను పొడిచి అక్కడే పేల్చేయగలదు. కాబట్టి ఆ రైఫిళ్లకు చదును ముక్కు అచ్చే కొనండి. పైన చెప్పిన 311041 ఆ పనికే పుట్టింది: చదును ముక్కు, 170 గ్రెయిన్లకు కాస్త అటూ ఇటూ బరువు, అంటే దాదాపు 11 గ్రాములు. కేసు అంచును నొక్కి బిగించడానికి దానికి ఒక గాడి కూడా ఉంటుంది. గొట్టపు మ్యాగజైన్‌లో బుల్లెట్ కేసులోపలికి జారిపోకుండా కాపాడేది ఆ బిగింపే.

తూటాలు ఒకదాని మీద ఒకటి ఉండే బోల్ట్ రైఫిల్‌లో ఈ ప్రమాదం లేదు. అక్కడ ముక్కు గట్ల మీద సరిగ్గా ఆనుతుందో లేదో చూసుకుంటే చాలు.

గ్యాస్ చెక్ ఉన్న అచ్చా, లేనిదా?

గ్యాస్ చెక్ అంటే బుల్లెట్ అడుగుకు తొడిగే చిన్న రాగి లేదా రాగి మిశ్రమపు గిన్నె. వేడి వాయువుల నుంచి సీసపు అడుగును అది కాపాడుతుంది. దాన్ని తొడగాలంటే అచ్చులోనే అడుగు భాగం మెట్టులా సన్నబడి ఉండాలి. అందుకే ఈ నిర్ణయం అచ్చు కొనేటప్పుడే జరగాలి.

సాదా అడుగు బుల్లెట్లు సెకనుకు సుమారు 1,400 నుంచి 1,500 అడుగుల వేగం వరకు హాయిగా పనిచేస్తాయి. .30-30ని దాని సహజ వేగంతో వాడాలంటే గ్యాస్ చెక్ తప్పనిసరి అనుకోండి. .45-70ది వేరే కథ. నెమ్మదిగా కదిలే బరువైన బుల్లెట్‌తోనే ఆ తూటా పేరు తెచ్చుకుంది. 405 గ్రెయిన్ల సాదా అడుగు అచ్చు దానికి నిండుగా సరిపోతుంది. ఒక్కో బుల్లెట్‌కు గ్యాస్ చెక్ ఖర్చు కూడా మిగులుతుంది.

మెత్తటి సీసపు బుల్లెట్‌కు, రాగి తొడుగున్న బుల్లెట్‌కు మందు లెక్కలు ఒకటి కావు. అచ్చు కంపెనీలు, మందు కంపెనీలు ప్రచురించే పట్టికల్లో మీ బుల్లెట్ నమూనాకు, మీ రైఫిల్ రకానికి ఇచ్చిన అంకెలనే పాటించండి. 1873 నాటి సైన్యపు ట్రాప్‌డోర్ రైఫిల్ తట్టుకునే పీడనం, నేటి .45-70 రైఫిల్ తట్టుకునే పీడనం ఒకటి కావు. ఆ పట్టికలు రెంటినీ విడివిడిగా ఇచ్చేది అందుకే.

అల్యూమినియమా, ఇనుమా, ఇత్తడా?

మొదటి అచ్చుకు అల్యూమినియం. విస్కాన్సిన్‌లోని లీ కంపెనీ అచ్చులు ఈ రకమే. ధర తక్కువ, త్వరగా వేడెక్కుతాయి, తుప్పు పట్టవు, చేయి నొప్పి పుట్టించవు. రెండు గదుల (బుల్లెట్ రూపుదిద్దుకునే గుంతల) లీ అచ్చులకు పిడులు కూడా వాటితోనే వస్తాయి. లోపం మెత్తదనం. అచ్చు మూసేటప్పుడు ఢీకొట్టినా, పైన సీసాన్ని కోసే పలక కింద ముక్క ఇరుక్కున్నా గీతలు పడతాయి. ఆ పలక కీలు దగ్గర తగిన కందెన చుక్కలో పదో వంతు రాస్తే చాలు. ఎక్కువైతే గదిలోకి పాకి బుల్లెట్లను చెడగొడుతుంది.

ఇనుప అచ్చులు తరాల పాటు నిలుస్తాయి. తాత వాడిన అచ్చును మనవడు వాడుతున్న ఇళ్లు అమెరికాలో ఎన్నో. అవి వేడిని నిలుపుకుంటాయి, కొలత తప్పవు. కానీ తేమ తగిలితే తుప్పు పడుతుంది. పని ముగిశాక నూనె రాయాలి, మళ్లీ వాడే ముందు ఆ నూనెను పూర్తిగా కడగాలి. పిడులను చాలావరకు విడిగా కొనాలి. ఇత్తడి అన్నిటికన్నా బరువు, ఖరీదు. వేడి సమంగా పరుచుకుంటుంది కాబట్టి దానిమీద మనసు పడ్డవారు మరి వదలరు. అయితే అతిగా వేడెక్కితే తగరం కలిసిన సీసం ఇత్తడికి టంకం వేసినట్టు అతుక్కుపోతుంది. కొత్తవారికి అది వద్దు.

ఎన్ని గదుల అచ్చు?

రెండు. 500 గ్రెయిన్ల .45-70 బుల్లెట్ ఒక్కటే 32 గ్రాములకు పైగా తూగుతుంది, అలాంటి వాటికి ఒక గది అచ్చు కూడా సబబే. ఆరు గదులవి పిస్తోలు బుల్లెట్లు కుప్పలుగా కావాల్సినవారికి.

బరువైన బుల్లెట్ ఎంచుకుంటే ఇంకా బాగుంటుందా?

గొట్టంలోని గాడులు ఎంత దగ్గరగా మెలితిరిగాయన్నదాన్ని బట్టి ఉంటుంది. బుల్లెట్‌ను గాలిలో నిలకడగా ఉంచేది దాని భ్రమణం. బుల్లెట్ ఎంత పొడవైతే అంత వేగంగా తిరగాలి. 19వ శతాబ్దంలో జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణితవేత్త ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు: బుల్లెట్ వ్యాసాన్ని వర్గం చేసి 150తో గుణించి, పొడవుతో భాగిస్తే, ఒక పూర్తి చుట్టుకు ఎన్ని అంగుళాల గొట్టం ఉండాలో వస్తుంది. కొలతలన్నీ అంగుళాల్లోనే.

వించెస్టర్ 94లో .30-30 గొట్టానికి 12 అంగుళాలకు ఒక చుట్టు. లెక్క తిరగేసి చూస్తే దాదాపు 1.19 అంగుళాల పొడవు వరకు అది నిలబెట్టగలదు. 170 గ్రెయిన్ల పోత బుల్లెట్ ఆ హద్దులోపే ఉంటుంది. కేటలాగులో 200 గ్రెయిన్లు దాటిన పొడవాటి నమూనాలు ఆకర్షణీయంగా కనిపించినా ముందు పొడవు చూసి లెక్క వేయండి.

ఏ సీసం వాడాలి?

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక్క సీసమే పోస్తే అచ్చు మూలల్లోకి సరిగా పాకదు, బుల్లెట్ మరీ మెత్తగా వస్తుంది. తగరం కొంచెం కలిపితే లోహం చురుగ్గా పారుతుంది. ఆంటిమొనీ గట్టిదనం ఇస్తుంది. 90 పాళ్ల సీసం, 5 పాళ్ల తగరం, 5 పాళ్ల ఆంటిమొనీ ఉన్న మిశ్రమాన్ని లైమన్ నంబర్ 2 అంటారు. లోహాల గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో దీనిది సుమారు 15, స్వచ్ఛమైన సీసానిది 5. చాలా అచ్చులు ఈ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకునే కోసినవి.

ముద్రణకు అక్షరాల వరుసలు పోసిన పాత లైనోటైప్ లోహం దొరికితే దాచుకోండి. 84 పాళ్ల సీసం, 12 పాళ్ల ఆంటిమొనీ, 4 పాళ్ల తగరం. మన పాత అచ్చాఫీసుల్లో అక్షరాలు పోసిన లోహం కూడా ఈ కుటుంబానిదే. అక్షరం అంచు పదునుగా రావాలంటే లోహానికి ఏ గుణం ఉండాలో బుల్లెట్‌కూ అదే కావాలి. అయితే దాన్ని అలాగే పోయకుండా మెత్తని సీసంలో కలిపి వాడితే ఎక్కువకాలం వస్తుంది.

కారు చక్రాలకు తగిలించే పాత బరువులు ఒకప్పుడు అందరికీ ఆధారం. ఇప్పుడు వాటిలో ఇనుమువి, జింకువి ఎక్కువ. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూస (సీసం కరిగించే పాత్ర) మరీ వేడెక్కితే అది సీసంలో కలిసిపోయి మొత్తం లోహాన్ని పిండిలా, ముద్దలా మార్చేస్తుంది. ఆ తర్వాత ఏ అచ్చులోనూ మంచి బుల్లెట్ రాదు. ఒక్కోదాన్ని చూసి ఏరండి. వేడిని తక్కువలో ఉంచితే జింకు ముక్కలు కరగకుండా పైకి తేలతాయి, అప్పుడు గరిటెతో తీసేయవచ్చు.

పౌడర్ కోటింగ్ వేస్తాను. అచ్చు మారుతుందా?

మారుతుంది. రంగు పొడి కాల్చి అంటించిన పూత బుల్లెట్ లావును అంగుళంలో వెయ్యింట ఒకటి నుంచి మూడు వంతుల దాకా పెంచుతుంది. ముక్కు కూడా లావవుతుంది, సైజింగ్ డై ముక్కును తాకదు. ముక్కు గట్లను బిగువుగా ఆనే నమూనా అయితే తూటా ఛాంబర్‌లోకి పోకపోవచ్చు. పూత వేసేవారు ముక్కు కాస్త సన్నగా ఉన్న అచ్చు చూసుకోవాలి. పూతకు బదులు బుల్లెట్ గాడుల్లో తేనెమైనం కలిసిన కందెన వాడేవారికి ఈ చిక్కు లేదు. వారికి లోతైన కందెన గాడులున్న సంప్రదాయ నమూనాలే మేలు.

కొత్త అచ్చులో బుల్లెట్లన్నీ ముడతలు పడి వస్తున్నాయి. అచ్చు చెడ్డదా?

దాదాపు ఎప్పుడూ కాదు. అచ్చు చల్లగా ఉంది, లేదా ఫ్యాక్టరీ నూనె ఇంకా పోలేదు. గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో వేడినీళ్లలో కడగండి. పూర్తిగా, మూలమూలలా ఆరనివ్వండి. తర్వాత అచ్చును వేడి చేసి, ఆపకుండా పోస్తూ పోండి. మొదట వచ్చిన బుల్లెట్లన్నీ మళ్లీ మూసలోకే. అంచులు పదునుగా, అడుగు నిండుగా వచ్చాయంటే అచ్చు వేడి కుదిరింది. పైన మంచు పట్టినట్టు తెల్లగా వస్తే వేడి ఎక్కువైంది. ఆ బుల్లెట్లు వాడుకోవచ్చు, కాస్త నెమ్మదించండి.

సీసం వల్ల ప్రమాదం ఎంత?

చాలా. పిల్లలకు ఇంత సీసం పరవాలేదనే హద్దు ఏదీ లేదు. పోత పోసే 370 నుంచి 400 డిగ్రీల దగ్గర సీసపు ఆవిరి స్వల్పమే. అసలు ప్రమాదం మూస మీద తేలే తెట్టులో, బూడిదలాంటి పొడిలో, చేతుల మీద ఉంటుంది. ఆ పొడి నోట్లోకి, ఇంట్లోకి వెళుతుంది. వంటగదిలో పోయవద్దు. వంటకు వాడే ఏ గిన్నెనూ, గరిటెనూ దీనికి వాడవద్దు, ఒకసారి వాడాక తిరిగి వంటకు తీసుకోవద్దు. గాలి బాగా ఆడే చోట, ఇంటికి దూరంగా పోయండి. అక్కడ తినడం, తాగడం, పొగ తాగడం ఉండకూడదు. పని అయ్యాక చేతులు, ముఖం సబ్బుతో కడిగి, బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గడప బయటే వదలండి. గర్భిణులు, పసిపిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.

రెండో ప్రమాదం నీరు. కరిగిన సీసంలోకి ఒక్క తడి ముక్క మునిగినా నీరు క్షణంలో ఆవిరై సీసాన్ని మీ ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. చెమట చుక్క కూడా ప్రమాదమే. కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు, పొడవు చేతుల నూలు చొక్కా, మూసిన బూట్లు లేకుండా మూస దగ్గరికి పోవద్దు.

నా రాష్ట్రంలో సీసపు బుల్లెట్‌తో వేటాడవచ్చా?

కాలిఫోర్నియాలో కుదరదు. అక్కడ 2019 జులై 1 నుంచి అన్ని రకాల వేటకూ సీసం లేని మందుగుండే వాడాలి. సీసపు తునకలున్న కళేబరాలు తిని కాండోర్ రాబందులు చనిపోవడం ఈ చట్టం వెనక ఉన్న పెద్ద కారణం. అది న్యాయమైన చట్టమని నా నమ్మకం. మిగతా రాష్ట్రాల్లోనూ కొన్ని ప్రాంతాల్లో ఆంక్షలున్నాయి, వేట శాఖ నిబంధనలు ఏటా చూసుకోవాలి.

పాత అచ్చు కొనవచ్చా?

తప్పకుండా, చూసి కొంటే. రెండు భాగాలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మధ్యలోంచి వెలుగు కనిపించకూడదు. గదుల అంచుల మీద గోరు పోనివ్వండి. అతుక్కున్న బుల్లెట్‌ను ఎవరో ఇనుప మేకుతో పెకలించి ఉంటే అక్కడ గాటు తగులుతుంది, ఆ అచ్చు వదిలేయండి. బయటి తుప్పు పరవాలేదు, గదిలోపల గుంతలు పడిన తుప్పు పనికిరాదు. అమ్మేవారి దగ్గర ఆ అచ్చులో పోసిన బుల్లెట్ ఉంటే అడిగి తీసుకుని కొలవండి. మీ గొట్టం కొలత కాగితం జేబులో ఉంటే అక్కడే తేలిపోతుంది.

సెలవులకు హైదరాబాద్ వెళుతున్నాను. అచ్చు గానీ, పోసిన బుల్లెట్లు గానీ తీసుకెళ్లి స్నేహితులకు చూపించవచ్చా?

వద్దు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద మందుగుండు భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రసామగ్రి కూడా మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. ప్రయాణానికి ముందు సంచుల అరలన్నీ తిరగేసి చూసుకోండి. షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన సంచిని విమాన ప్రయాణానికి అసలు వాడకండి.